కార్యాలయ భవనాలకు నాడి పరీక్ష

ఏటా మే నెల 8, 9 తేదీల ప్రాంతంలో సూర్యుడు మిట్టమధ్యాహ్నవేళ సరిగా పిఠాపురం నడినెత్తి మీదికి వస్తాడు. ఆ క్షణంలో నిటారుగా పాతిన గుంజకు నీడ ఉండదు. తరువాత ఆయన కొంత ఉత్తరానికి ఒరిగి, తిరిగి ఆగస్టు 4, 5 తేదీల ప్రాంతంలో మరొకమారు నడినెత్తి మీదుగా దక్షిణానికి తరలిపోతాడు. ఈ మూడు నెలలూ ఎండ తాకిడి గోడల మీద కంటె ఇంటి కప్పు మీద ఎక్కువగా ఉంటుంది. ఇది బడిలో చెప్పే భూగోళపాఠమే. కాని ఈ పాఠాన్ని మన ఊళ్ళలోని కార్యాలయాలు ఏటేటా కరెంటు బిల్లు రూపంలో తిరిగి నేర్చుకొంటూనే ఉన్నవి; నేర్చుకొని మరచిపోతూనే ఉన్నవి.

గత వేసవిలో ఒక కార్యక్రమం నిమిత్తం పిఠాపురం వెళ్ళినప్పుడు అక్కడి ఒక కార్యాలయంలో రెండు గంటలసేపు కూర్చొనవలసి వచ్చింది. అది ఏ శాఖవారిదో ఇక్కడ అప్రస్తుతం. అటువంటిది ప్రతి ఊరిలోనూ ఒకటి ఉన్నది. అధికారి గదిలో ఏ.సి. యంత్రం 18 డిగ్రీల మీద నడుస్తున్నది. ఆయన చేతులు కట్టుకొని ముడుచుకొని కూర్చున్నారు. పక్క హాలులో గుమాస్తాల నెత్తిన ఫ్యానులు తిరుగుతున్నవి గాని, పైన కాగిన స్లాబు నుంచి దిగే వేడిగాలినే అవి కిందికి తోస్తున్నవి. పడమటి కిటికీల నుంచి కొట్టే ఎండకు తాళలేక తెరలన్నీ దించివేశారు. తెరలు దించినందువల్ల చీకటి పడింది. చీకటి పడినందువల్ల పట్టపగలు ట్యూబులైట్లన్నీ వెలిగించారు. వసారాలో సంతకాల కోసం వేచి ఉన్న వృద్ధులు చేతిలోని దరఖాస్తులతోనే విసురుకొంటున్నారు.

“ఈ భవనానికి నెలకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయండీ?” అని హెడ్ గుమాస్తాగారిని అడిగాను.

“యూనిట్ల సంగతి నాకు తెలియదండీ. బిల్లు వస్తుంది, బడ్జెటు రాగానే కట్టేస్తాం,” అన్నారాయన.

ఆ మాటలో దాపరికం లేదు, నిర్లక్ష్యమూ లేదు. మన కార్యాలయాలలో కాగితాల రీములకు లెక్క ఉన్నది. వాహనం తిరిగిన ప్రతి కిలోమీటరుకూ లాగ్ బుక్కు ఉన్నది. కరెంటుకు మాత్రం రూపాయల లెక్కే తప్ప యూనిట్ల లెక్క లేదు. రూపాయల లెక్క చాలదా అని అడగవచ్చు. చాలదు. రేటు మారితే బిల్లు మారుతుంది. పాత బకాయి కలిస్తే పెరుగుతుంది. వాడకం తగ్గినా బిల్లు పెరగవచ్చు, వాడకం పెరిగినా అది బిల్లులో స్పష్టంగా కనిపించకపోవచ్చు. రోగి ఒంటి వేడిని తెలుసుకొనడానికి థర్మామీటరు చూస్తాము గాని మందుల షాపు చీటీ చూడము గదా! భవనం విషయంలోనూ అంతే. మొదట నాడి చూడవలె, తరువాతనే మందు.

భవనానికి నాడి చూడడం కష్టమైన విద్య కాదు. దానికి కావలసినవి రెండే అంకెలు. ఒకటి, పన్నెండు నెలలలో ఆ భవనం వాడిన మొత్తం యూనిట్లు. వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్టు అవుతుందని ఇంట్లో మీటరు ఉన్నవారందరికీ తెలిసినదే. రెండవది, భవనంలోని అంతస్తుల మొత్తం వైశాల్యం, చదరపు మీటర్లలో. ఒక చదరపు మీటరంటే సుమారు పదిముప్పావు చదరపు అడుగులు. మొదటి అంకెను రెండవ అంకెతో భాగిస్తే వచ్చేది ఏడాదికి చదరపు మీటరుకు ఇన్ని యూనిట్లు అన్న సంఖ్య. ఇంజనీర్లు దీనిని శక్తి వినియోగ సూచిక అంటారు. భవనం చిన్నదైనా పెద్దదైనా ఒకే తూకంలో పెట్టి చూడడానికి ఇది పనికివస్తుంది. ఎకరాకు ఎన్ని బస్తాలు పండినవని రైతు అడగడంలో ఉన్న న్యాయమే ఇందులోనూ ఉన్నది.

కేంద్రప్రభుత్వ సంస్థయైన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2009లో కార్యాలయ భవనాలకు నక్షత్రాలు ఇచ్చే పథకం ప్రవేశపెట్టినప్పుడు ఈ సంఖ్యనే ఆధారంగా తీసుకొన్నది. దేశమంతటికీ ఒకే కొలబద్ద పెట్టడం న్యాయం కాదు గనుక వాతావరణాన్నిబట్టి మండలాలుగా విభజించారు. పిఠాపురమూ, కాకినాడా, మన గోదావరి డెల్టా అంతా వేడిమీ తేమా కలసిన ఉష్ణార్ద్ర మండలంలోనికి వస్తాయి. ఈ మండలంలో సగానికి తక్కువ భాగానికి మాత్రమే ఏ.సి. ఉన్న కార్యాలయం చదరపు మీటరుకు 85 నుంచి 75 యూనిట్లు వాడితే ఒక నక్షత్రం. పదేసి యూనిట్లు తగ్గినకొద్దీ ఒక్కొక్క నక్షత్రం పెరిగి, 45కు లోపు వాడితే ఐదు నక్షత్రాలు అని ఆనాటి పట్టిక. సగానికి మించి ఏ.సి. ఉన్న భవనాలకు ఒక నక్షత్రం 200 యూనిట్ల దగ్గర మొదలై, 100కు లోపు వాడినవాటికి ఐదు నక్షత్రాలు వస్తాయి. ఈ పథకం పెద్ద కనెక్షన్లు గల భవనాలకు ఉద్దేశించినది. తాలూకా స్థాయి కార్యాలయానికి నక్షత్రపు బిళ్ళ ఎవరూ ఇవ్వరు. అయినా కొలబద్దను వాడుకొనడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు గదా!

లెక్క సుబోధకంగా ఉండడానికి ఒక భవనాన్ని ఊహించుకొందాము. పిఠాపురంలో రెండంతస్తుల కార్యాలయం. వైశాల్యం 500 చదరపు మీటర్లు. ఏడాదికి 40,000 యూనిట్ల వాడకం. భాగించగా 80 వచ్చింది. పై పట్టిక ప్రకారం ఇది ఒక నక్షత్రపు భవనం. ఇంతటితో జబ్బు ఉన్నదని తెలిసింది. ఎక్కడ ఉన్నదో తెలియలేదు. దానికి 40,000 యూనిట్లనూ పంపకం చేసి చూడవలె.

పది ఏ.సి. యంత్రాలు, ఒక్కొక్కటి సగటున గంటకు ఒక యూనిట్టు చొప్పున, రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 200 రోజులు నడిస్తే 16,000 యూనిట్లు. పాతకాలపు ట్యూబులైట్లు 80; చోక్ తినే విద్యుత్తుతో కలిపి ఒక్కొక్కటి 50 వాట్లు; 250 పనిదినాలకు 8,000 యూనిట్లు. ఫ్యానులు 40, ఒక్కొక్కటి 75 వాట్లు, వాటికి 6,000. కంప్యూటర్లు ఇరవై, నూరేసి వాట్ల చొప్పున 4,000. నీటి పంపు, చల్లని నీటి యంత్రం, ప్రింటర్లు, జిరాక్సు మొదలైనవాటికి 3,300. ఇవన్నీ కూడితే 37,300 అవుతుంది. మిగిలిన 2,700 యూనిట్లు ఎక్కడికి పోయినవి?

ఇక్కడనే మీటరు చదవడంలోని ఉపయోగం కనిపిస్తుంది. సాయంత్రం ఆరు గంటలకు కార్యాలయం మూసేటప్పుడు మీటరు అంకె రాసుకొని, మరునాడు పది గంటలకు తెరవగానే తిరిగి రాసుకోవలె. ఈ పదహారు గంటలలో 6.4 యూనిట్లు కదిలినవనుకొందాము. అనగా ఎవరూ లేని భవనంలో రాత్రంతా 400 వాట్లు ఖర్చవుతూనే ఉన్నవి. రాత్రులూ ఆదివారాలూ సెలవులూ కలిపి ఏడాదిలో కార్యాలయం మూసి ఉండే కాలం 6,760 గంటలు. లెక్కకట్టి చూస్తే అదే 2,700 యూనిట్లు! ఆర్పకుండా వదిలిన కంప్యూటర్లు, రాత్రంతా ఖాళీ గదిలో నీటిని చల్లబరిచే యంత్రం, రిమోటుతో ఆపి స్విచ్చి తీయని ఏ.సి.లు, తలుపు మూసిన గదిలో మరచిపోయిన దీపం — ఇవీ ఆ దొంగలు. ఒక్క చిన్న హెచ్చరిక. పెద్ద కనెక్షన్లకు ఉండే కొన్ని మీటర్ల మీద కనిపించే అంకెను నిర్ణీతమైన గుణకంతో హెచ్చవేస్తేనే అసలు యూనిట్లు వస్తాయి. ఆ గుణకం బిల్లు మీద ముద్రించి ఉంటుంది.

ఇక చికిత్స. ట్యూబులైట్ల స్థానంలో 20 వాట్ల ఎల్.ఇ.డి. గొట్టాలు పెడితే 8,000 యూనిట్లు 3,200కు దిగుతాయి. ఫ్యానులు మార్చవలసి వచ్చినప్పుడు కొత్తరకపు బి.ఎల్.డి.సి. మోటారు గలవి సుమారు 30 వాట్లతోనే తిరుగుతాయి గనుక 6,000 యూనిట్లు 2,400 అవుతాయి. సాయంత్రం తాళం వేసే అటెండరు ఒక జాబితా చూసుకొని స్విచ్చిలు తీసివేస్తే రాత్రి వాడకం 2,700 నుంచి 900కు తగ్గించవచ్చు. దీనికి కానీ ఖర్చు లేదు. ఏ.సి. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో అంచనా. 20 డిగ్రీల నుంచి 24కు పెంచితే అయిదవ వంతు తగ్గుతుందని జాగ్రత్తగానే వేసుకొన్నా 3,200 యూనిట్లు మిగులుతాయి. మొత్తం ఆదా 13,400 యూనిట్లు. 80గా ఉన్న సూచిక 53కు దిగింది. ఒక నక్షత్రపు భవనం నాలుగు నక్షత్రాలకు చేరుకొన్నది. యూనిట్టుకు 8 రూపాయలు అని వేసుకొంటే ఏడాదికి 1,07,200 రూపాయలు. అది ప్రజలు పన్నుగా కట్టిన సొమ్ము. ఆ వసారాలో వేచి ఉన్న వృద్ధుల సొమ్ము కూడాను.

ఇంతవరకు విన్నవారికి ఒక అనుమానం కలగవచ్చు. “పొదుపు పేరుతో ఉద్యోగులను ఉక్కపోతలో కూర్చోబెట్టడమేనా మీ శాస్త్రం?” అని. ఇది న్యాయమైన ప్రశ్న. దీపాలన్నీ ఆర్పి, ఏ.సి.లన్నీ ఆపి, సూచికను ఇరవైకి దించడం ఎవరైనా చేయగలరు. దానిని సామర్థ్యం అనరు, ఉపవాసం అంటారు. అదే వెలుతురును, అదే సుఖాన్ని తక్కువ కరెంటుతో సాధించడమే సామర్థ్యం. కనుక యూనిట్లను కొలిచేవారు సుఖాన్ని కూడా కొలవవలె. గది గోడకు ఒక థర్మామీటరు తగిలించి, అక్కడ పనిచేసేవారిని అడిగి తెలుసుకోవలె.

ఇలా అడిగి తెలుసుకొన్నవారు మన తెలుగువారిలోనే ఉన్నారు. ఇంద్రగంటి మాధవిగారు తమ సహపరిశోధకులతో కలిసి 2012, 2013 సంవత్సరాలలో హైదరాబాదు, చెన్నై నగరాలలోని 28 కార్యాలయ భవనాలలో, 2,787 మంది ఉద్యోగులను వారి వారి కుర్చీల దగ్గరనే కలుసుకొని, పక్కనే గాలి వేడిమిని కొలుస్తూ, “మీకిప్పుడు ఎలా ఉన్నది?” అని ప్రశ్నించారు. సహజంగా గాలి ఆడే గదులలో సగటున 28 డిగ్రీల దగ్గర, ఏ.సి. నడిచే గదులలో 26.4 డిగ్రీల దగ్గర వారికి సుఖంగా ఉన్నదని తేలింది. అనగా 18 డిగ్రీల గదిలో చేతులు కట్టుకొని కూర్చొనడం సుఖమూ కాదు, పొదుపూ కాదు. నక్షత్రపు గుర్తు గల ఏ.సి. యంత్రాలన్నీ తొలుత 24 డిగ్రీల వద్దనే మొదలు కావలెనని 2020 జనవరి 1 నుంచి అమలులోనికి వచ్చిన నిబంధన ఇటువంటి ఆలోచన నుంచి పుట్టినదే. పైగా ఏ.సి. గదిలో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ ఉంటే ఒంటికి రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉన్నట్లే తోస్తుంది. తాటాకు విసనకర్ర గాలిని చల్లబరచదు. చెమటను ఆర్చి మనలను చల్లబరుస్తుంది. ఆ సూత్రం ఇంకా చెల్లుబాటులోనే ఉన్నది.

ఈ సందర్భంలో మా వృత్తిరహస్యం ఒకటి చెప్పవలె. ఆకాశవాణి స్టూడియోకు కిటికీ ఉండదు. బయటి సద్దు లోనికి రాకూడదు గనుక తలుపులు బిగించి, లోపలి ఏ.సి. చప్పుడు మైకుకు వినబడకుండా గాలిని మెల్లగా పంపవలసి ఉంటుంది. అక్కడ ఏ.సి. విలాసం కాదు, అవసరం. ఆసుపత్రి ఆపరేషను గదికీ అంతే. కాబట్టి ఏ.సి.ని నిందించడం నా ఉద్దేశం కాదు. అవసరమైన చోట ఉండవలె. కాని దాని మీద మోపే బరువును ముందు తగ్గించవలె. అధికభాగం బరువు పైనుంచీ పడమటినుంచీ వస్తున్నది.

మన పెద్దల ఇళ్ళను తలచుకోండి. ఎత్తైన పెంకుటికప్పు; పెంకుల సందులనుంచి వేడిగాలి పైకి పోతుంది. చుట్టూ వసారా, గోడకు ఎండ తగలదు. మధ్యన మండువా, గాలికి దారి. ఆ ఇంట్లో కంప్యూటర్లు లేవు, దుమ్ముకు చెడిపోయే యంత్రాలు లేవు. వాన కురిస్తే మండువా తడిసేది. అందుచేత ఆ ఇంటినే తిరిగి కట్టండి అని చెప్పడం తెలివికాదు. కాని అది నేర్పిన క్రమం మాత్రం చెడిపోలేదు. మొదట నీడ, తరువాత గాలి, ఆఖరున యంత్రం. ఈనాటి సిమెంటు కట్టడాలలో ఈ క్రమం తలకిందులైనది. నీడలేని స్లాబు పోసి, పడమటికి అద్దాలు బిగించి, ఆపైన ఆ తప్పు దిద్దడానికి ఏ.సి. కొంటున్నాము.

కప్పు సంగతి కొలిచి చూసినవారు కూడా ఉన్నారు. హైదరాబాదులోని వాణిజ్య భవనాలపై కొందరు శాస్త్రజ్ఞులు ఎండను తిప్పికొట్టే తెల్లని పూత పూసి, పూతకు ముందూ తరువాతా వాడకం కొలిచారు. మామూలు సిమెంటు కప్పుకు పూత వేసినందువల్ల చల్లదనానికయ్యే కరెంటులో 10 నుంచి 19 శాతం తగ్గినదని 2012లో ప్రకటించారు. అంతకుముందు నల్లగా ఉన్న కప్పు విషయంలో తగ్గుదల 14 నుంచి 26 శాతం. కప్పు నేరుగా నెత్తిన ఉన్న పై అంతస్తుకు దీని ఫలితం ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇటువంటి చల్లని కప్పులకు ఒక విధానాన్నే ప్రకటించింది. మన పిఠాపురం వంటి ఊళ్ళలో వేసవి రాకముందే డాబా మీద చిక్కని సున్నం వేయించడం పాత అలవాటే. వాన కురిస్తే అది కొట్టుకొనిపోతుంది, దుమ్ము పడితే మాస్తుంది. ఏటేటా వేయించవలసి ఉంటుంది. అయినా ఏ.సి. కొనే ముందు సున్నం బకెట్టు కొనడంలో నష్టం లేదు.

క్రమం తప్పకుండా కొత్త భవనాన్ని కట్టవచ్చునని నిరూపించిన కట్టడం ఒకటి హైదరాబాదులో ఉన్నది. పరిశ్రమల సమాఖ్య, సొహ్రాబ్జీ గోద్రెజ్ పేరిట నిర్మించిన హరిత వాణిజ్య కేంద్రం అది. నడుమ ఆవరణ, చిల్లుల జాలీ గోడలు, గాలిని లోనికి దింపే రెండు గోపురాలు దాని ప్రత్యేకతలు. భవనాలకు అమెరికా సంస్థ ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును 2003లో ఇది పొందింది. అమెరికా వెలుపల ఆ స్థాయిని అందుకొన్న మొదటి భవనం ఇదే. 2004 జులై 14న ఆనాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీనిని ప్రారంభించారు.

నీడా గాలీ చక్కబెట్టిన తరువాత మిగిలేది యంత్రం. యంత్రాలలో ఏది మేలు? అమ్మేవారందరూ తమదే మేలంటారు. ఈ వివాదాన్ని మాటలతో కాక మీటరుతో తేల్చిన ఉదాహరణ హైదరాబాదు శివార్లలోని పోచారంలో ఉన్నది. ఇన్ఫోసిస్ సంస్థ అక్కడ 2011లో ఒక పెద్ద కార్యాలయ భవనాన్ని సరిగ్గా రెండు సమభాగాలుగా నిర్మించింది. ఒక్కొక్క భాగం సుమారు 1,25,000 చదరపు అడుగులు. గోడలు, కిటికీలు, చేసే పని రెండింటిలోనూ ఒకే తీరు. ఒక భాగంలో గొట్టాలగుండా చల్లని గాలిని పంపే వాడుకలోని ఏ.సి. పద్ధతినే, మంచి పనితనంతో అమర్చారు. రెండవ భాగంలో కప్పు స్లాబులోనే గొట్టాలు పొదిగి వాటిలో చల్లని నీటిని ప్రవహింపజేశారు. చల్లబడిన కప్పు కింద కూర్చున్నవారి ఒంటి వేడిని, యంత్రాల వేడిని గ్రహిస్తుంది. నీరు, అదే ఘనపరిమాణం గల గాలి కంటె సుమారు 3,500 రెట్లు వేడిని మోయగలదు గనుక పెద్ద ఫ్యానులకు బదులు చిన్న పంపు చాలుతుంది.

రెండు భాగాలకూ వేర్వేరు మీటర్లు పెట్టి రెండేళ్ళపాటు చూశారు. నీటి పద్ధతి గల భాగం చల్లదనానికి 34 శాతం తక్కువ కరెంటు వాడింది. కట్టడానికి ఖర్చు కూడా మొదటి దానిని మించలేదు. ఈ ఫలితాన్ని 2014లో అమెరికా శీతలీకరణ ఇంజనీర్ల సంఘం తమ పత్రికలో ప్రకటించింది. ఇందులో మనకు రెండు పాఠాలు. మొదటిది జాగ్రత్తను గూర్చి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన తీరప్రాంతంలో చల్లని కప్పుకు, చన్నీళ్ళ చెంబు వెలుపల పట్టినట్లు, చెమ్మ పట్టే ప్రమాదం ఉన్నది. కనుక లోనికి వచ్చే గాలి తేమను ముందుగా తీసివేసే ఏర్పాటు లేనిదే ఇది పనికిరాదు. రెండవ పాఠం మరింత విలువైనది. పోల్చదగిన దానితో పోల్చినందువల్లనే ఆ 34 శాతం అన్న మాటకు బలం వచ్చింది.

పొదుపును కొలవడంలో అందరూ జారిపడే చోటు ఇదే. వాడిన కరెంటును మీటరు చూపుతుంది; మిగిలిన కరెంటును ఏ మీటరూ చూపదు. “నిరుడు ఇంత, ఈ ఏడు ఇంత, తేడా అంతా మా ప్రతిభే” అనడం సులభం. కాని ఈ ఏడు ఎండలు తక్కువ కాచి ఉండవచ్చు. ఒక సెక్షను మరొక భవనానికి తరలిపోయి ఉండవచ్చు. ఎన్నికల పనుల కోసం నిరుడు రాత్రివేళ కూడా కార్యాలయం తెరచి ఉండవచ్చు. ఇటువంటివాటికి తగిన సవరణ చేయకుండా చెప్పే ఆదా, తూకపురాయి మార్చి తూచిన బియ్యం వంటిది. అందుచేత ఒక సంవత్సరాన్ని ఆధారంగా నిర్ణయించుకొని, మే నెలను మే నెలతోను, డిసెంబరును డిసెంబరుతోను పోల్చి, ఉద్యోగుల సంఖ్యలోను, పనిగంటలలోను వచ్చిన మార్పును పక్కనే రాసుకోవలె. రెండు మార్పులు ఒకేసారి చేయకుండా, ఈ నెల దీపాలు, కొన్నాళ్ళు ఆగి ఫ్యానులు, అన్నట్లు సాగితే దేనివల్ల ఎంత మేలు కలిగిందో తేటపడుతుంది.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. శక్తి పరిరక్షణ చట్టం 2001లో వచ్చింది. ఆ చట్టం కిందనే బ్యూరో 2002లో ఏర్పడింది. 2007లో వాణిజ్య భవనాలకు నిర్మాణ స్మృతి వెలువడింది; ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానిని 2014లో రాష్ట్రానికి అనువుగా సవరించి స్వీకరించింది. కాని ఈ స్మృతి కొత్తగా కట్టే పెద్ద భవనాలను ఉద్దేశించినది. ఎన్నో ఏళ్ళ కిందట కట్టిన తాలూకా కార్యాలయాన్ని, బ్యాంకు శాఖను, సహకార సంఘపు గదులను అది పట్టించుకోదు. వాటిని పట్టించుకోవలసినవారు వాటిలో కూర్చున్నవారే. వాటి వసారాలో నిలబడే మనమే.

ఇంగ్లండు, వేల్సులలో ఒక మంచి ఏర్పాటు చేశారు. ప్రజలు వచ్చిపోయే పెద్ద ప్రభుత్వ భవనాలన్నీ తమ వాడకాన్ని ఎ నుంచి జి వరకు గల అక్షరాలలో ఒక అక్షరంగా సూచించే పత్రాన్ని అందరికీ కనిపించే చోట తగిలించవలెనని 2008 అక్టోబరు నుంచి నిబంధన పెట్టారు. మొదట 1,000 చదరపు మీటర్లు దాటినవాటికే ఉన్న ఆ నియమం, 2015 నాటికి 250 చదరపు మీటర్లు దాటిన చిన్న భవనాలకు కూడా వర్తించింది. అధికారి గదిలోని దస్త్రంలో ఉన్న అంకె కంటె గుమ్మం పక్కన గోడ మీద ఉన్న అంకెకు బలం ఎక్కువ. వచ్చినవారు చూస్తారు, “అదేమిటండీ?” అని అడుగుతారు; సమాధానం చెప్పవలసి వస్తుంది.

మన కార్యాలయాలు ఇందుకు ఉత్తరువుల కోసం ఎదురు చూడనక్కరలేదు. ఒక అరఠావు నోటు పుస్తకం చాలు. ప్రతి నెలా ఒకటవ తేదీన మీటరు అంకె ఒక గడిలో, వాడిన యూనిట్లు రెండవ గడిలో, ఆ నెలలో జరిగిన విశేషం మూడవ గడిలో రాయవలె. నెలకొకమారు సాయంత్రమూ మరునాటి ఉదయమూ మీటరు చూసి రాత్రి వాడకం పట్టుకోవలె. ఏడాది చివర మొత్తాన్ని వైశాల్యంతో భాగించి ఆ ఒక్క అంకెను నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయవలె. ఎనభై అయినా సరే, నూటయాభై అయినా సరే, దాచనక్కరలేదు. మరుసటి ఏడు దాని కిందనే రెండవ అంకె వస్తుంది. ఆ రెండు అంకెల నడుమ ఉన్న తేడాయే ఆ కార్యాలయపు పని.

ఈ పరీక్షను శ్రోతలు తమ ఇళ్ళలో కూడా మొదలుపెట్టవచ్చు. ఇవాళ రాత్రి పడుకోబోయే ముందు మీటరు అంకె చూసి రాసుకోండి. రేపు ఉదయం లేవగానే మళ్ళీ చూడండి. ఫ్రిజ్జూ ఫ్యానులూ ఎంత తింటాయో వేసుకోండి. అంతకు మించినది ఏమిటో ఇల్లంతా వెతకండి. దొరికిన తరువాత, ఈసారి ఏదైనా పనిమీద కార్యాలయానికి వెళ్ళినప్పుడు, మీ వంతు వచ్చేవరకు వసారాలో ఊరక నిలబడక, అక్కడి హెడ్ గుమాస్తాగారిని మర్యాదగా అడగండి: “ఈ భవనానికి నెలకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయండీ?” అని. ఒకరు అడిగితే ఆయన నవ్వి ఊరుకొంటారు. పదిమంది అడిగితే నోటు పుస్తకం తెరుస్తారు.